మంట ఎంత పెద్దదయ్యాక మోగాలి? వాణిజ్య భవనాల్లో ప్రోగ్రామబుల్ హీట్ డిటెక్టర్ల ఎంపిక

క్లుప్తంగా: ప్రోగ్రామబుల్ హీట్ డిటెక్టర్ ఎన్ని డిగ్రీల దగ్గర, ఏ పద్ధతిలో అలారం ఇవ్వాలో బిగించిన తర్వాత కూడా మార్చుకోవచ్చు. అయితే సెట్ చేసే ప్రతి డిగ్రీకీ ఒక మంట పరిమాణం ఉంటుంది. 57కి బదులు 88 పెడితే, మామూలు ఎత్తున్న గదిలో అలారం మోగేసరికి మంట దాదాపు మూడింతలు పెద్దదై ఉంటుంది. గది వాడకం, కప్పు ఎత్తు, మే నెల మధ్యాహ్నం కప్పు కింద ఉండే అసలు వేడి తెలిశాకే ఆ అంకె వేయాలి. మనుషులు నిద్రపోయే చోట మాత్రం ఏ అంకె వేసినా హీట్ డిటెక్టర్ ఒక్కటే చాలదు.

హోటల్‌కో, ఆసుపత్రికో, గోదాముకో ఫైర్ అలారం పెట్టించేటప్పుడు యజమాని చేతికొచ్చే కొటేషన్‌లో పొగను పసిగట్టే డిటెక్టర్లు ఇన్ని, వేడిని పసిగట్టేవి ఇన్ని అని రాసి ఉంటుంది. ఫ్యాక్టరీలోనే ఒక ఉష్ణోగ్రతకు బిగించి పంపే హీట్ డిటెక్టర్లతో ఎంపిక సులువు. 57 డిగ్రీలదంటే 57 దగ్గర మోగుతుంది, 88ది 88 దగ్గర. రెంటిలో ఒకటి ఎంచుకుంటే సరిపోతుంది. ప్రతి డిటెక్టర్‌కూ సొంత నంబరు (అడ్రసు) ఉండే అడ్రసబుల్ వ్యవస్థల్లో వస్తున్న కొత్త రకాన్ని మాత్రం గోడకో కప్పుకో బిగించాక కూడా, వాటన్నింటినీ నడిపే కంట్రోల్ ప్యానెల్ సాఫ్ట్‌వేర్‌తో మార్చుకోవచ్చు.

ఈ సౌలభ్యంలోనే ఒక ప్రమాదం ఉంది. "ప్రోగ్రామబుల్ కదా, ముందు బిగించేద్దాం, సెట్టింగ్ తర్వాత చూసుకోవచ్చు" అనుకోవడం తేలిక. ఆ తర్వాత ఎవరూ చూడకపోతే, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన డిఫాల్ట్ అంకెతోనే భవనం ఏళ్ల తరబడి నడుస్తుంది. లేదా రెండు మూడు సార్లు ఊరికే మోగాక, విసుగుతో ఎవరో అంకె పెంచేస్తారు. పెంచినవారికి అది పది సెకన్ల పని. ఆ పది సెకన్లలో ఏం మారిపోయిందన్నదే ఈ వ్యాసంలో ప్రధానంగా చూడాల్సిన విషయం.

థర్మిస్టర్ నుంచి ప్యానెల్ దాకా

పాత తరం హీట్ డిటెక్టర్లు చాలావరకు యాంత్రికమైనవి. ఒక రకంలో తక్కువ వేడికే కరిగే మిశ్రమ లోహపు చుక్క ఉంటుంది. అది కరగ్గానే స్ప్రింగు విడుదలై కాంటాక్టు కలుస్తుంది. ఆ డిటెక్టర్ ఇక మళ్లీ పనికిరాదు, కొత్తది పెట్టాల్సిందే. ఇంకో రకంలో రెండు లోహాల పట్టీ వేడికి వంగి స్విచ్ నొక్కుతుంది. మూడో రకంలో చిన్న గాలి గది ఉంటుంది. నిదానంగా వేడెక్కితే లోపలి గాలి సన్నటి రంధ్రంలోంచి బయటికి పోతుంది. వేగంగా వేడెక్కితే పోయే సందు చాలక పలుచటి పొర ఉబ్బి అలారం ఇస్తుంది. ఉష్ణోగ్రత ఎంత ఉందని కాకుండా ఎంత వేగంగా పెరుగుతోందని చూసే 'రేట్ ఆఫ్ రైజ్' పద్ధతి ఇలాంటి గాలి గదుల్లోనే పనిచేసేది.

ప్రోగ్రామబుల్ రకంలో ఇవేవీ ఉండవు. వేడి పెరిగితే విద్యుత్ నిరోధం తగ్గే థర్మిస్టర్, దాన్ని చదివే చిన్న మైక్రోకంట్రోలర్ ఉంటాయి. రెండు తీగల లూప్ మీద వరుసగా ఉన్న డిటెక్టర్లను ప్యానెల్ ఒక్కో అడ్రసుతో పలకరించి, వాటి విలువలు తీసుకుంటూ ఉంటుంది. ఇక్కడ తయారీదారులు రెండు దారుల్లో వెళ్తారు. కొన్ని వ్యవస్థల్లో డిటెక్టర్ కేవలం ఉష్ణోగ్రతను చెబుతుంది, అలారమా కాదా అన్న నిర్ణయం ప్యానెల్‌ది. మరికొన్నింటిలో సెట్టింగ్‌ను డిటెక్టర్‌లోకే దించుతారు, అది అక్కడే నిర్ణయం తీసుకుని ప్యానెల్‌కు కబురు పంపుతుంది.

కొనేవాళ్లకు ఈ తేడా అనవసరమనిపించవచ్చు. కానీ పాడైన డిటెక్టర్‌ను మార్చే రోజున ఇదే ముఖ్యమవుతుంది. మొదటి రకంలో అదే అడ్రసుతో అదే మోడల్ కొత్త పరికరం పెడితే పాత సెట్టింగే వర్తిస్తుంది. రెండో రకంలో సెట్టింగ్‌ను కొత్త పరికరంలోకి మళ్లీ దించారా లేదా అని చూడాలి. ఇది ఏ రకమో కొటేషన్ దశలోనే అడిగి రాయించుకోవడం మంచిది.

సెట్ చేయగలిగినవి సాధారణంగా ఇవీ: 57 డిగ్రీల చుట్టూ మోగే స్థిర ఉష్ణోగ్రత పద్ధతి, దానికి తోడుగా నిమిషానికి సుమారు 8.3 డిగ్రీలు పెరిగితే మోగే రేట్ ఆఫ్ రైజ్, వేడి గదుల కోసం 88 డిగ్రీల పద్ధతి. కొన్ని మోడళ్లలో ఈ మధ్యలోని విలువలు కూడా ఎంచుకోవచ్చు. అలారానికి ముందే హెచ్చరించే ప్రీ-అలారం, పగటికి ఒకటి రాత్రికి ఒకటి సెట్టింగ్ పెట్టుకునే వీలు కూడా కొన్నింటిలో ఉంటాయి. గడ్డకట్టే చలి దేశాల్లో స్ప్రింక్లర్ పైపులో నీరు గడ్డకట్టకముందే చెప్పే 'తక్కువ ఉష్ణోగ్రత' హెచ్చరిక కూడా ఉంటుంది. దాని అవసరం మన ఊళ్లలో దాదాపు లేదు.

డిగ్రీ వెనక ఉన్న మంట

కప్పుకు బిగించిన డిటెక్టర్‌కు కింద ఉన్న మంట కనిపించదు. మంట నుంచి లేచిన వేడి గాలి చుట్టూ ఉన్న చల్లటి గాలిని కలుపుకుంటూ పైకి వెళ్లి, కప్పును తాకి, నలువైపులా పలుచటి పొరలా పాకుతుంది. ఆ పొర డిటెక్టర్ దాకా చేరేసరికి ఎంత వేడిగా మిగిలిందన్నదే దానికి తెలిసేది. ఈ లెక్క కోసం అమెరికాలోని ఫ్యాక్టరీ మ్యూచువల్ పరిశోధకుడు రొనాల్డ్ ఆల్పర్ట్ 1972లో ప్రచురించిన సూత్రాలు ఇప్పటికీ ఇంజినీర్ల వాడుకలో ఉన్నాయి.

ఆ సూత్రాలతో ఒక మామూలు సందర్భం చూస్తే విషయం స్పష్టమవుతుంది. కప్పు ఎత్తు 3 మీటర్లు, గదిలో 30 డిగ్రీల వేడి, మంటకూ డిటెక్టర్‌కూ మధ్య అడ్డదూరం 5.3 మీటర్లు అనుకుందాం. బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5839-1 ప్రకారం గదిలో ఏ బిందువుకైనా హీట్ డిటెక్టర్ ఉండదగ్గ గరిష్ఠ దూరం ఇదే. ఆ చోట పొర 57 డిగ్రీలకు చేరాలంటే మంట సుమారు 310 కిలోవాట్లు (మంట సెకనుకు విడుదల చేసే వేడికి కొలత) ఉండాలి. 88కి చేరాలంటే సుమారు 970 కిలోవాట్లు. ఒక సోఫా పూర్తిగా అంటుకున్నప్పుడు వచ్చే మంట ఈ స్థాయిలో ఉండగలదు.

దీన్ని కాలంలోకి మార్చి చూడాలి. మంట పెరుగుదలను ఇంజినీర్లు నెమ్మది, మధ్యస్థం, వేగం, అతివేగం అని నాలుగు రకాలుగా లెక్కిస్తారు. మధ్యస్థ రకం దాదాపు 300 సెకన్లలో 1,055 కిలోవాట్లకు చేరుతుంది. ఆ మంట 310 కిలోవాట్లకు చేరడానికి సుమారు 160 సెకన్లు పడితే, 970కి సుమారు 290 సెకన్లు పడుతుంది. అంటే 57ను 88గా మార్చిన చేయి, ఖాళీ చేయడానికి ఉన్న సమయంలోంచి రెండు నిమిషాలు తీసేసినట్టు. అగ్నిప్రమాదంలో రెండు నిమిషాలు చాలా పెద్ద వ్యవధి.

ఈ లెక్కలు కూడా ఉదారమైనవే. గాలి 57కి చేరగానే థర్మిస్టర్ 57కి చేరదు. మందపాటి పెనం పొయ్యి మీద పెట్టగానే కాగనట్టే, లోపలి భాగం వేడెక్కడానికి కొంత సమయం తీసుకుంటుంది. చిన్నగా, గాలికి తెరుచుకుని ఉండే థర్మిస్టర్ ఉన్న మోడళ్లలో ఈ ఆలస్యం తక్కువ. దుమ్మో పెయింటో పట్టినవాటిలో ఎక్కువ.

ఎత్తు ప్రభావం ఇంకా తీవ్రం. పై లెక్కలోనే కప్పును 3 నుంచి 7.5 మీటర్లకు పెంచితే, 57 డిగ్రీల డిటెక్టర్‌ను మోగించడానికి సుమారు 1,220 కిలోవాట్ల మంట కావాలి. దాదాపు నాలుగింతలు. అందుకే బ్రిటిష్ ప్రమాణం ఏ1 తరగతి (ఈ తరగతుల వివరం కింద ఉంది) హీట్ డిటెక్టర్లను 9 మీటర్ల ఎత్తు దాకా, మిగతా తరగతులను 7.5 మీటర్ల దాకా మాత్రమే సాధారణంగా అనుమతిస్తుంది. అమెరికన్ ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 72 సుమారు 3 మీటర్లు దాటిన కొద్దీ డిటెక్టర్ల మధ్య దూరాన్ని తగ్గిస్తూ పోతుంది. 9 మీటర్ల దగ్గరికొచ్చేసరికి అది మూడో వంతుకు పడిపోతుంది.

ఈ రెండు ప్రమాణాలనూ కలిపి వాడటం మరో చిక్కు. సాధారణ అమెరికన్ హీట్ డిటెక్టర్‌కు రెండు డిటెక్టర్ల మధ్య దూరం (స్పేసింగ్) 15.2 మీటర్లు అని పరీక్షా సంస్థ ఇచ్చిన గుర్తింపు (లిస్టింగ్) ఉంటుంది. ఆ పద్ధతిలో గదిలోని ఏదైనా బిందువు డిటెక్టర్‌కు 10.7 మీటర్ల దాకా దూరంగా ఉండొచ్చు. బ్రిటిష్ పద్ధతిలో 5.3 మీటర్లే. దూరం రెట్టింపైతే మోగించడానికి కావాల్సిన మంట కూడా రెట్టింపవుతుంది. మన డిజైన్లలో ఒక్కోసారి పరికరం ఒక పద్ధతిది, డ్రాయింగ్ ఇంకో పద్ధతిది ఉంటుంది. ఏ ప్రమాణం ప్రకారం దూరాలు వేశారో డ్రాయింగ్ మీదే రాసి ఉండాలి. దేశీయంగా హీట్ డిటెక్టర్లకు ఐఎస్ 2175, అలారం వ్యవస్థల ఎంపిక, అమరిక, నిర్వహణకు ఐఎస్ 2189 ఉన్నాయి. జాతీయ భవన నిర్మాణ స్మృతి 2016లోని నాలుగో భాగం అగ్ని భద్రతకు సంబంధించింది. ఫైర్ ఎన్‌ఓసీ కోసం వేసే డ్రాయింగ్‌కు ఇవే మొదటి ఆధారం కావాలి.

మన వేసవి, విదేశీ డేటాషీట్

తక్కువ అంకె పెడితే అంత మేలు అనుకోవడానికి కూడా వీల్లేదు. మామూలు రోజుల్లో కప్పు కింద ఉండే వేడికీ అలారం అంకెకూ మధ్య తగినంత ఖాళీ లేకపోతే, మంట లేకుండానే మోగుతుంది. పదే పదే ఊరికే మోగే అలారాన్ని జనం పట్టించుకోవడం మానేస్తారు, సెక్యూరిటీ గార్డు సైలెన్స్ బటన్‌కు అలవాటుపడతాడు. ఆ అలవాటు వల్ల పోయే ప్రాణాలు ఏ డేటాషీట్‌లోనూ కనిపించవు.

యూరప్ ప్రమాణం ఈఎన్ 54-5 ఈ ఖాళీని తరగతుల్లోనే చెబుతుంది. ఏ1 తరగతి గది వేడి 50 డిగ్రీల దాకా ఉన్న చోటికి, అది 54 నుంచి 65 మధ్య మోగాలి. ఏ2కు కూడా అదే 50 పరిమితి, మోగడం 54 నుంచి 70 మధ్య. బీ తరగతి 65 డిగ్రీల దాకా ఉండే చోటికి, 69 నుంచి 85 మధ్య మోగుతుంది. సీ తరగతి 80 దాకా ఉండే చోటికి, 84 నుంచి 100 మధ్య. ఈ వరుస జీ తరగతి దాకా వెళ్తుంది. అమెరికన్ పద్ధతిలో ఎన్‌ఎఫ్‌పీఏ 72 కప్పు దగ్గర ఉండగల గరిష్ఠ వేడికీ డిటెక్టర్ అంకెకూ మధ్య కనీసం 11 డిగ్రీల తేడా అడుగుతుంది. అంటే 57 డిగ్రీల డిటెక్టర్ ఉన్న చోట కప్పు వేడి 46 దాటకూడదు. కొన్ని అమెరికన్ మోడళ్ల డేటాషీట్లు ఇంకా కఠినంగా ఉంటాయి. 57 డిగ్రీల రకానికి పరిసర వేడి 38 డిగ్రీలు, 88 డిగ్రీల రకానికి 66 డిగ్రీలు మించకూడదని వాటిలో రాసి ఉంటుంది.

ఏసీ ఉన్న ఆఫీసులో, షాపింగ్ మాల్‌లో ఇది సమస్య కాదు. సమస్యంతా రేకుల షెడ్డులో. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల బయటి ఉష్ణోగ్రతే 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. ఎండలో కాగిన లోహపు రేకు 60 డిగ్రీలు దాటుతుంది, దాని కిందే అంటుకుని ఉండే గాలి కూడా బయటి గాలి కన్నా వేడిగానే ఉంటుంది. హీట్ డిటెక్టర్‌ను బ్రిటిష్ పద్ధతిలో కప్పుకు 25 నుంచి 150 మిల్లీమీటర్ల లోపు బిగించాలి కాబట్టి, అది సరిగ్గా ఆ వేడి గాలిలోనే ఉంటుంది. 57 డిగ్రీల సెట్టింగ్ అక్కడ మే నెలలో ఊరికే మోగే అవకాశం ఎక్కువ.

ఇలాంటి కప్పు కింద ఇంకో సంగతి జరుగుతుంది. కప్పు కింద ముందే ఉన్న వేడి పొర, చిన్న మంట నుంచి లేచిన గాలి కన్నా వేడిగా ఉంటే ఆ గాలి పైకి చేరలేక మధ్యలోనే ఆగి పక్కలకు విస్తరిస్తుంది. డిటెక్టర్‌కు కబురే అందదు. బీ తరగతికి మార్చి ఫాల్స్ అలారాలు ఆపుకున్నా, మొదటి నిమిషాల్లో ఈ అడ్డు అలాగే ఉంటుంది. ఎత్తైన రేకుల గోదాముల్లో పాయింట్ హీట్ డిటెక్టర్ల మీదే ఆధారపడటం సరికాదనడానికి ఇది గట్టి కారణం. కప్పు కింది వేడి పొర కన్నా కిందికి అమర్చిన, కాంతి కిరణానికి పొగ అడ్డొస్తే మోగే బీమ్ పొగ డిటెక్టర్లు, పొడవునా ఎక్కడ వేడెక్కినా పసిగట్టేలా ర్యాకుల వెంబడి పరిచే లీనియర్ హీట్ కేబుల్, స్ప్రింక్లర్లు అక్కడ మెరుగైన మార్గాలు.

అడ్రసబుల్ డిటెక్టర్‌తో ఒక మేలు ఉంది, దాన్ని ఎక్కువగా వాడుకోవాలి. చాలా ప్యానెళ్లలో ఒక్కో డిటెక్టర్ చదువుతున్న విలువను నేరుగా చూడొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య ఆ విలువలను కొన్ని రోజులు రాసి పెట్టుకుంటే, ఏ గదికి ఏ తరగతి కావాలో ఊహతో పనిలేకుండా తేలిపోతుంది. జనవరిలో ప్రారంభించిన భవనానికి జనవరిలోనే చివరి సెట్టింగ్ వేసేస్తే ఆ సమాచారం ఉండదు. ఒప్పందంలోనే 'మొదటి వేసవి తర్వాత సెట్టింగుల సమీక్ష' అన్న అంశం పెట్టించుకోవడం ఖర్చు లేని జాగ్రత్త.

పెరుగుదల వేగం ఎక్కడ మేలు, ఎక్కడ తలనొప్పి

రేట్ ఆఫ్ రైజ్ పద్ధతి 57 డిగ్రీల కోసం ఎదురుచూడదు. నిమిషానికి 8 డిగ్రీలకు పైగా పెరుగుతుంటే, గది 40లో ఉన్నా మోగుతుంది. వేగంగా పెరిగే మంటలకు ఇది మేలు. నిదానంగా రాజుకునే నిప్పుకు మాత్రం ఇది ఎప్పటికీ మోగకపోవచ్చు. అప్పుడు స్థిర ఉష్ణోగ్రత హద్దే కాపాడాలి. అందుకే రెండూ కలిసి ఉన్న మోడళ్లే ఎక్కువగా వాడతారు. యూరప్ తరగతుల చివర ఆర్ అక్షరం ఉంటే రేట్ ఆఫ్ రైజ్ గుణం పరీక్షించినట్టు. ఎస్ అక్షరం ఉంటే అందుకు విరుద్ధం. చల్లటి గాలిలోంచి ఒక్కసారిగా వేడి గాలిలోకి మార్చినా, తన హద్దు చేరేదాకా మోగకూడదన్నది దానికి పరీక్ష.

బిర్యానీ హోటల్ వంటగదిని తీసుకుంటే ఎస్ అవసరం అర్థమవుతుంది. పెద్ద దేగిశా మూత తీయగానే ఆవిరి ఒక్కసారిగా పైకి లేస్తుంది. తందూరు, ఓవెన్ల దగ్గరా ఇదే పరిస్థితి. అక్కడ ఆర్ పెడితే రోజుకు ఎన్నిసార్లు మోగుతుందో చెప్పలేం. వంటగదికి స్థిర పద్ధతి, పొయ్యిల పైన కొలిచిన వేడిని బట్టి ఏ1 లేదా బీ తరగతిలో ఎస్ రకం సరైనవి. ఫంక్షన్ హాళ్ల వంటశాలలు, లాండ్రీ గదులు, డీజీ సెట్ గదులకూ ఇదే వర్తిస్తుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకోగానే గది వేడి కొద్ది నిమిషాల్లో పెరుగుతుంది. సరిగ్గా కరెంటు లేనప్పుడు ఫైర్ అలారం మోగడం భవనంలో ఉన్నవారికి పెద్ద టెన్షన్.

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలాంటి చోట లెక్క తిరగబడుతుంది. లోపల 5 డిగ్రీలుంటే, 57 స్థిర డిటెక్టర్‌కు 52 డిగ్రీల పెరుగుదల కావాలి. 30 డిగ్రీల గదిలో కావాల్సిన దానికి దాదాపు రెట్టింపు ఇది. మంట పరిమాణంలో చూస్తే రెండున్నర రెట్లు దాటుతుంది. ఆర్ గుణం అక్కడ ఎంతో విలువైంది. అయితే కూలింగ్ ఆపి కాయిల్ మీది మంచు కరిగించేటప్పుడు, లారీ లోడింగ్‌కు తలుపు తెరిచినప్పుడు వచ్చే వేడి గాలి దాన్ని మోసం చేయొచ్చు. తలుపుకూ కూలింగ్ యూనిట్ గాలి వచ్చే దారికీ దూరంగా డిటెక్టర్లు అమర్చాలి. తలుపు దగ్గరి ఒకటి రెండింటికి మాత్రం ఆర్ తీసేసి, మిగతావాటికి ఉంచాలి. ఒకే మోడల్‌తో గదిలో వేర్వేరు చోట్ల వేర్వేరు సెట్టింగులు పెట్టుకోగలగడమే ప్రోగ్రామబుల్ రకానికి ఇచ్చే అదనపు ధరకు అసలు న్యాయం చేసే సందర్భం. పరికరం పనిచేయగల కనిష్ఠ ఉష్ణోగ్రత, తేమ పరిమితులు డేటాషీట్‌లో చూడటం కూడా మర్చిపోకూడదు.

వరంగల్, ఆదిలాబాద్ వైపు జిన్నింగ్ మిల్లుల సంగతి వేరు. గాలిలో ఎగిరే దూది నూగు వల్ల పొగ డిటెక్టర్లు నిలవవు, అందుకని హీట్ డిటెక్టర్ పెడతారు. కానీ పత్తి బేలు లోపల గంటల తరబడి నిప్పు రాజుకుంటుంది, కప్పు దాకా వేడి చేరదు. అక్కడ ఏ ప్రోగ్రామింగూ సాయపడదు. ఫార్మా యూనిట్లలో సాల్వెంట్ ఆవిర్లు ఉండే చోట పేలుడు వాతావరణానికి ఆమోదం పొందిన పరికరాలే వాడాలి. మామూలు ప్రోగ్రామబుల్ డిటెక్టర్‌ను అక్కడ పెట్టకూడదు.

హీట్ డిటెక్టర్ ఒక్కటే సరిపోని చోట్లు

2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లోని రూబీ ప్రైడ్ భవనంలో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం ఉన్న సెల్లార్ నుంచి లేచిన పొగ పైనున్న లాడ్జి అంతస్తులను కమ్మేసింది. ఎనిమిది మంది చనిపోయారు. 2023 మార్చిలో అదే నగరంలోని స్వప్నలోక్ కాంప్లెక్స్ ప్రమాదంలో ఆరుగురు యువతీయువకులు ప్రాణాలు కోల్పోయారు. ఇలాంటి ప్రమాదాల్లో మనిషిని ముందు చేరేది మంట కాదు, పొగ. మెట్లూ లిఫ్ట్ దారులూ పొగకు చిమ్నీల్లా పనిచేస్తాయి. పై అంతస్తు గదిలో హీట్ డిటెక్టర్ 57కి చేరేసరికి ఆ గదిలో ఊపిరి పీల్చుకోగల పరిస్థితి ఉండదు.

కాబట్టి లాడ్జి గదులు, ఆసుపత్రి వార్డులు, హాస్టళ్లు, మెట్ల దారులు, కారిడార్లలో పొగ డిటెక్టర్ ఉండాల్సిందే. 'ఊరికే మోగుతోంది' అన్న కారణంతో గదిలోని పొగ డిటెక్టర్ తీసి హీట్ డిటెక్టర్ పెట్టడం భద్రతను అమ్ముకోవడమే. బాత్‌రూమ్ ఆవిరి వల్ల మోగుతుంటే డిటెక్టర్‌ను తలుపు నుంచి దూరం జరపాలి. లేదా పొగనూ వేడినీ కలిపి చూసే మల్టీసెన్సర్ పెట్టాలి. ఖరీదు ఎక్కువైనా, పొగ సంకేతం కొద్దిగా ఉన్నప్పుడు వేడి కూడా పెరుగుతోందా అని చూసి నిర్ణయించే తెలివి దానికి ఉంటుంది.

సెల్లార్ పార్కింగ్ మధ్యస్థమైన సందర్భం. వాహనాల పొగ వల్ల అక్కడ పొగ డిటెక్టర్లు ఇబ్బంది పెడతాయి కాబట్టి హీట్ డిటెక్టర్లు వాడటం మామూలే. కానీ లిథియం బ్యాటరీ వేడెక్కి అదుపు తప్పితే ముందు దట్టమైన పొగ, ఆ వెంటనే అతివేగంగా మంట వస్తాయి. ఛార్జింగ్ పాయింట్లున్న సెల్లార్‌లో ఆర్ సెట్టింగ్ ఆన్‌లో ఉండటం, మెట్ల మొదట్లో పొగ డిటెక్టర్ ఉండటం, ఆ అలారం పై అంతస్తులన్నింటిలో వెంటనే వినిపించేలా ప్యానెల్‌లో రాయడం కనీస అవసరాలు.

స్ప్రింక్లర్‌తో వరస కూడా చూడాలి. మామూలు స్ప్రింక్లర్‌లో ఎర్ర ద్రవమున్న గాజు బల్బు 68 డిగ్రీలకు పగులుతుంది. అదే గదిలో డిటెక్టర్‌ను 88కి పెడితే చాలా సందర్భాల్లో నీళ్లే ముందు పడతాయి, డిటెక్టర్ మోగకపోవచ్చు కూడా. అప్పుడు అలారం బాధ్యతంతా పైపులో నీరు కదలగానే కబురు పంపే ఫ్లో స్విచ్ మీద పడుతుంది. వేడి గది కాబట్టి 88 కావాలంటే అక్కడి స్ప్రింక్లర్ కూడా అంతకు మించినదే ఉండాలి. ఆకుపచ్చ బల్బు 93 డిగ్రీలది.

పగలొకటి, రాత్రొకటి

పగటిపూట వంటగదిలో ఆర్ ఆపి, రాత్రి మూసేశాక ఆన్ చేసే షెడ్యూల్ మంచి ఆలోచనే. ఖాళీ గదిలో వేడి వేగంగా పెరగడానికి మామూలు కారణమేదీ ఉండదు. చిక్కు ఎక్కడంటే, షెడ్యూల్ ప్యానెల్ గడియారాన్ని నమ్ముకుంటుంది. పండగ సీజన్‌లో తెల్లవారుజాము దాకా వండే హోటల్‌లో ఆ షెడ్యూల్ తప్పుతుంది. ప్యానెల్ బ్యాటరీ దిగిపోయి గడియారం రీసెట్ అయితే పగలూ రాత్రీ తారుమారవుతాయి. షెడ్యూల్ పెట్టిన చోట, దాన్ని నెలకోసారైనా సరిచూసే మనిషి పేరు రాసి ఉండాలి. అంత క్రమశిక్షణ సాధ్యం కానప్పుడు రోజంతా ఒకే స్థిర సెట్టింగే సురక్షితం.

ప్యానెల్‌తో పొత్తు

అడ్రసబుల్ డిటెక్టర్లు, ప్యానెళ్లు మాట్లాడుకునే ప్రోటోకాల్ చాలావరకు తయారీదారు సొంతం. ఒక కంపెనీ డిటెక్టర్ మరో కంపెనీ లూప్ మీద పనిచేయదు. ఒకే కంపెనీలో కూడా పాత ప్యానెల్ ఫర్మ్‌వేర్ కొత్త డిటెక్టర్‌లోని అన్ని సెట్టింగులనూ గుర్తించకపోవచ్చు. అప్పుడది మామూలు 57 డిటెక్టర్‌గానే పనిచేస్తుంది. డిటెక్టర్‌కు యూఎల్ 521, ప్యానెల్‌కు యూఎల్ 864 లిస్టింగ్ (యూఎల్ అనే అమెరికన్ పరీక్షా సంస్థ ప్రమాణాలు) ఉన్నాయని చూడటంతో పని పూర్తికాదు. రెండూ కలిసి వాడటానికి అనుకూలమని తయారీదారు ఇచ్చిన పట్టికలో ఆ జంట ఉందా అని చూడాలి. పాత భవనాల్లో విస్తరణ చేసేటప్పుడు ఈ తప్పు జరిగే అవకాశం ఎక్కువ.

మార్చిన అంకెను ఎవరు పరీక్షిస్తారు

హీట్ డిటెక్టర్‌ను పరీక్షించడానికి పొడవాటి కర్ర చివర గిన్నెలాంటి పరికరంతో వేడి గాలి ఊదుతారు. డిటెక్టర్ మోగితే టిక్ పెడతారు. ఆ గాలి ఉష్ణోగ్రత త్వరగా పెరుగుతుంది కాబట్టి ఆర్ కూడా స్పందిస్తుంది, 57ది అయినా 88ది అయినా కాసేపటికి మోగుతుంది. పరికరం బతికి ఉందని ఈ పరీక్ష చెబుతుంది, అందులో ఏ అంకె ఉందో చెప్పదు. అది తెలియాలంటే ప్యానెల్ నుంచి సెట్టింగుల ప్రింటవుట్ తీసి డ్రాయింగ్‌తో వరుస వరుసగా పోల్చాలి. ఏఎంసీ (వార్షిక నిర్వహణ) ఒప్పందాల్లో ఈ పోలిక ఒక పనిగా రాసి ఉండాలి.

సైట్ సాఫ్ట్‌వేర్ మార్చిన ప్రతిసారీ, ఆ మార్పు తాకిన భాగాలన్నింటినీ మళ్లీ పరీక్షించాలని ఎన్‌ఎఫ్‌పీఏ 72 చెబుతుంది. మార్పు తాకని డిటెక్టర్లలో కూడా పది శాతాన్ని, గరిష్ఠంగా 50 పరికరాలను, పరీక్షించమంటుంది. ఒక చోట సరిచేస్తే ఇంకో చోట చెడిపోయే అవకాశం ఉందన్న అనుభవంలోంచి వచ్చిన నియమమిది. మన దగ్గర ఆ ప్రమాణం తప్పనిసరి కాకపోయినా ఈ అలవాటు అనుసరించదగ్గది.

పెయింటింగ్ పనివాళ్లు వచ్చినప్పుడు డిటెక్టర్లకు మూతలు పెట్టించడం, పని అయ్యాక తీయించడం రెండూ ముఖ్యమే. రంగు పొర పడ్డ థర్మిస్టర్ ఆలస్యంగా స్పందిస్తుంది. దాన్ని తుడిచి వాడటం కన్నా మార్చేయడమే మేలు. తీయడం మర్చిపోయిన ప్లాస్టిక్ మూత ఇంకా ప్రమాదకరం. ప్యానెల్‌లో అన్నీ ఆకుపచ్చగానే కనిపిస్తాయి.

ప్యానెల్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది, చివరిసారి ఏ సెట్టింగ్ ఎవరు ఎందుకు మార్చారు అన్నది ప్యానెల్ పక్కనే ఉన్న లాగ్ పుస్తకంలో రాయాలి. ప్యానెల్ లోపలి ఈవెంట్ మెమరీలో కొంత దొరికినా, కారణం అందులో ఉండదు. ప్రోగ్రామ్ ఫైల్ తాజా కాపీ భవన యజమాని దగ్గర ఉండాలని మొదటి ఒప్పందంలోనే రాయించుకోవాలి. అది లేని భవనంలో మెయింటెనెన్స్ ఏజెన్సీ మారితే, కొత్తవాళ్లు గది గదికీ తిరిగి, వాడకం చూసి, వేడి కొలిచి, ఒక్కో అడ్రసుకు సెట్టింగ్ మళ్లీ నిర్ణయించాల్సి వస్తుంది.